ఓటీపీ ఎవరి ఫోనుకు వెళ్తోంది?

అనంతపురం, శనివారం.

ఈరోజు మధ్యాహ్నం మా విశ్వవిద్యాలయ కంప్యూటర్ సెంటర్‌లో విద్యార్థి సలహా మండలి సమావేశం జరిగింది. వై-ఫై, ఫీజుల పోర్టల్, హాల్ టికెట్లు, లైబ్రరీ లాగిన్ వంటి సేవలు ఎలా ఉండాలో వాటిని వాడే విద్యార్థులే చెప్పాలన్న ఉద్దేశంతో ఏర్పడిన మండలి ఇది. ఎజెండా తయారు చేయడం, మినిట్స్ రాయడం సభ్య కార్యదర్శిగా నా బాధ్యత. హాస్టల్‌లో ఉండేవారు, ఊళ్ల నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవారు, రీసెర్చ్ స్కాలర్లు, చూపులేని విద్యార్థులు ఇందులో సభ్యులుగా ఉన్నారు. దూరవిద్యలో చదివేవారి తరఫున ఇంకా ఎవరూ లేరు. ఆ లోటు నన్ను ప్రతి సమావేశంలోనూ బాధిస్తూనే ఉంది.

మొదటి అంశం ఫీజుల పోర్టల్‌కు ఓటీపీ పెట్టడం. పాస్‌వర్డ్ ఒక్కటే ఖాతాకు చాలినంత రక్షణ ఇవ్వదు కనుక, లాగిన్ అయ్యేటప్పుడు నమోదైన ఫోనుకు అంకెలు పంపి వాటిని కూడా అడగాలని మా సాంకేతిక సిబ్బంది ప్రతిపాదించారు. భద్రత దృష్టితో చూస్తే అది సరైన ప్రతిపాదనే. దాన్ని నేను చదివి వినిపించగానే కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక పీజీ విద్యార్థిని లేచి నిలబడింది. "మా నాయన బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోతాడు సార్. అడ్మిషన్ అప్పుడు ఇచ్చింది ఆయన నంబరే. పనిలో ఉన్నప్పుడు ఫోను సంచిలో ఉంటాది. నేను ఫోను చేసి, ఆయన చూసి, అంకెలు చెప్పేలోగా టైము అయిపోతాది" అని చెప్పింది. వర్షం మీదే ఆధారపడిన వేరుశనగ చేతికి రాని ఏడు ఇంటిపెద్దలు బెంగళూరుకు వలస వెళ్లడం మా జిల్లాలో కొత్త సంగతి కాదు. కానీ ఆ వలసకూ మా లాగిన్ పేజీకీ ఇంత దగ్గరి సంబంధం ఉందని ఏ సాంకేతిక నివేదికలోనూ ఉండదు. అది ఆ అమ్మాయి నోటి నుంచే రావాలి.

దానికి కొనసాగింపుగా మరో విద్యార్థి నెట్ సెంటర్ల సంగతి ఎత్తాడు. సొంతంగా ఫీజు కట్టే వీలులేనివారు ఊరిలోని నెట్ సెంటర్‌కు వెళ్తారు. పాస్‌వర్డ్ అక్కడి పుస్తకంలో రాసి ఉంటుంది, చాలాసార్లు నమోదైన నంబరు కూడా ఆ సెంటర్ వారిదే అయి ఉంటుంది. అలాంటప్పుడు ఓటీపీ విద్యార్థిని కాపాడడం మాట అటుంచి, అతని ఖాతా తాళం రెండుసార్లు పరాయి చేతిలో పెట్టినట్లవుతుంది. వ్యక్తిగత డేటా రక్షణ కోసం 2023లో కేంద్రం చట్టం చేసిన తరువాత కూడా పిల్లల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఇలా పుస్తకాలకెక్కడం నాకు చాలా ఆందోళన కలిగించింది. అందుకు నెట్ సెంటర్ నడిపేవారిని తప్పుపట్టి లాభం లేదు. అక్కడికి వెళ్లక తప్పని విధంగా పోర్టల్ ఉన్నంతకాలం విద్యార్థులు అక్కడికే వెళ్తారు.

ఈ అంశం మీదే సమావేశంలో ఎక్కువ భాగం గడిచింది, గడవవలసిందే. స్మార్ట్‌ఫోన్ ఉన్నవారికి ఎస్సెమ్మెస్‌కు బదులు అథెంటికేటర్ యాప్ పెట్టవచ్చని కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు సూచించారు. ఒకసారి పోర్టల్‌తో జోడించిన తరువాత ఆ యాప్ రహస్య సంకేతాన్నీ గడియారంలోని సమయాన్నీ కలిపి సాధారణంగా 30 సెకన్లకోసారి కొత్త అంకెలను తానే లెక్కగడుతుంది కనుక, సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది. స్మార్ట్‌ఫోన్ లేనివారికి ఒక్కొక్కసారి మాత్రమే చెల్లే కొన్ని సంకేతాలను కాగితం మీద ముద్రించి ఇవ్వాలని, నమోదైన నంబరును విద్యార్థి గుర్తింపు కార్డు చూపి తన విభాగంలోనే మార్చుకునే వీలు కల్పించాలని నిర్ణయించాము. నంబర్లు సరిచేసే పని పూర్తయ్యేదాకా ఓటీపీని తప్పనిసరి చేయకూడదన్న మండలి సలహాను నేను మినిట్స్‌లో యథాతథంగా రాశాను.

హాస్టల్ వై-ఫై గురించి విద్యార్థులు మాటలతో సరిపెట్టుకోలేదు. గది గదికీ తిరిగి, ఫోనులో సిగ్నల్ బలాన్ని కొలిచి, అంతస్తులవారీగా పటం గీసి తెచ్చారు. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు వేగాన్నిస్తాయి గానీ మందపాటి గోడలను దాటడంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల కంటే బలహీనంగా ఉంటాయి. వరండాలో బిగించిన పరికరం నుంచి రాతిగోడ దాటి లోపలి మంచం దాకా వచ్చేసరికి ఏమీ మిగలడం లేదని ఆ పటం చూస్తేనే తెలుస్తోంది. 2.4లోనైనా ఒకదానితో ఒకటి కలవని చానళ్లు 1, 6, 11 అనే మూడే, ఒకే చానల్‌లో పనిచేసే పరికరాలు ఒకదానికొకటి అడ్డుపడతాయి కాబట్టి, పరికరాల సంఖ్య పెంచినంత మాత్రాన ఇబ్బంది తీరదు. పటాన్ని నెట్‌వర్క్ ఇంజనీరుకు అందజేశాను. ఇంత శ్రద్ధగా చేసిన సర్వే డబ్బిచ్చి చేయించినా దొరకడం కష్టమని ఆయన అన్నారు.

అన్నిటికంటే నన్ను కదిలించినది చూపులేని విద్యార్థి ఒకరు చేసి చూపించిన ప్రదర్శన. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో అతను మా వెబ్‌సైట్‌లోని ఒక తెలుగు సర్క్యులర్‌ను తెరిచాడు. ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకే తెలుగు ఆకారాలు తొడిగిన పాత డీటీపీ ఫాంట్‌లో టైపు చేసిన పత్రం కావడంతో, కళ్లకు తెలుగుగా కనిపించే ఆ వాక్యాలను యంత్రం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలుగా చదివింది. తరువాత పరీక్షల టైంటేబుల్ తెరిచాడు. అది కాగితాన్ని స్కాన్ చేసిన బొమ్మ కావడంతో యంత్రం అసలేమీ చదవలేదు. వివిధ లిపుల అక్షరాలను కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తించేందుకు 1991లో వెలువడిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు చోటు ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అయినా ఆ అబ్బాయి తన పరీక్ష తేదీ తెలుసుకోవడానికి ప్రతిసారీ స్నేహితుణ్ణి అడగవలసి వస్తోంది. తెలుగు సర్క్యులర్లన్నీ యూనికోడ్‌లోనే ఉండాలని, స్కాన్ చేసిన పత్రం పెట్టిన ప్రతిచోటా చదవగలిగే ప్రతి కూడా పెట్టాలని చేసిన తీర్మానాన్ని మండలి ఏకగ్రీవంగా ఆమోదించింది.

పరిశోధక విద్యార్థుల కోరిక చిన్నది. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు వేలాది జర్నళ్లు అందుబాటులోకి వచ్చినా, సెలవుల్లో ఇంటికి వెళితే అవి తెరుచుకోవడం లేదని వారు చెప్పారు. విశ్వవిద్యాలయ లైబ్రరీలను అనుసంధానించే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ వారి ఇన్‌ఫెడ్ అనే లాగిన్ సేవ ద్వారా క్యాంపస్ బయటి నుంచి లాగిన్ అయ్యే పద్ధతి ఉంది కనుక, దానికి కావలసిన ఖాతాలు తెరిపించే పని లైబ్రరీకి అప్పగించాము.

సలహా ఇవ్వడం వరకే ఈ మండలి అధికారం. డబ్బు విషయం ఫైనాన్స్ కమిటీ, పాలక మండలి తేలుస్తాయి. అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో విద్యార్థులు చెల్లించే టెక్నాలజీ ఫీజును ఏయే పనులకు కేటాయించాలో విద్యార్థుల కమిటీయే పరిశీలించి నిర్ణయిస్తుంది. మనవద్ద కూడా ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థ మార్గదర్శకాలు అంతర్గత నాణ్యతా హామీ విభాగంలో విద్యార్థుల ప్రతినిధికి చోటు కల్పించాయి. పూర్తి బడ్జెట్ కాకపోయినా, అందులో కొంత భాగం మీదైనా మా విద్యార్థులకు నిర్ణయాధికారం ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అది జరిగేలోగా, ఇచ్చిన ప్రతి సలహాకూ జవాబు వెళ్లాలి: ఏది చేశాము, ఏది చేయలేదు, ఎందుకు చేయలేదు. కాదన్న మాటను కూడా కారణంతో చెబితే విద్యార్థులు ఒప్పుకుంటారు. జవాబే రాకపోతే మరుసటి సమావేశానికి కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

చివరి అంశం సభ్యత్వం. పీజీ రెండో సంవత్సరం వారు వేసవికి వెళ్లిపోతారు, వారితోపాటు ఆ హాస్టల్ పటం వెనుక ఉన్న అనుభవం కూడా వెళ్లిపోతుంది. అందువల్ల కొత్త సభ్యులను సెమిస్టర్ ముగియకముందే ఎంపిక చేసి, ఒక సమావేశంలో పాతవారి పక్కన కూర్చోబెట్టాలని నిర్ణయించాము. దూరవిద్య విద్యార్థులు ఆదివారాలలో కాంటాక్ట్ తరగతులకు వస్తారు కాబట్టి ఆ సమావేశాన్ని ఆదివారమే పెట్టాలని నేను ప్రతిపాదించాను, సభ్యులు ఒప్పుకున్నారు. సోమవారం రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లే మినిట్స్‌లో ఆ ఆదివారం కోసం హాలు తెరిచి ఉంచాలన్న అభ్యర్థనను కూడా చేర్చాను.