ప్యాకెట్ పోవడమే కబురు

బెంగళూరులో నెట్‌వర్క్ రద్దీ గురించి ఎవరు మాట్లాడినా సిల్క్ బోర్డ్ కూడలిని ఉదాహరణగా తెస్తారు. ఆ పోలిక నాకు రుచించదు. అక్కడ చోటు లేకపోతే బండి ఆగి నిలబడుతుంది. నెట్‌వర్క్‌లో దారి చూపే రౌటర్‌లో క్యూ నిండితే మాత్రం తరువాత వచ్చిన ప్యాకెట్‌ను (సమాచారపు చిన్న ముక్కను) అది పారేస్తుంది, పైగా ఆ సంగతి పంపినవారికి చెప్పదు. పోయినదాన్ని గుర్తించి మళ్లీ పంపడం, వేగం తగ్గించుకోవడం రెండూ అంచున ఉన్న కంప్యూటర్‌లోని టీసీపీ (సమాచారం సరిగ్గా చేరేలా చూసే నియమావళి) బాధ్యతలే.

మళ్లీ పంపడమే తప్ప తగ్గడం తెలియకపోతే ఏమవుతుందో 1986 అక్టోబరులో బయటపడింది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, సుమారు 400 గజాల దూరంలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య సెకనుకు 32 కిలోబిట్లుగా ఉన్న వేగం 40 బిట్లకు పడిపోయింది. నెట్‌వర్క్ పరిశోధకుడు వాన్ జాకబ్సన్ 1988లో ప్రచురించిన పత్రం దీనికి చూపిన మందు ఈనాటికీ పనిచేస్తోంది: ఒక్కో రౌండ్ ట్రిప్‌కు (ప్యాకెట్ వెళ్లి జవాబు తిరిగి రావడానికి) విండోను, అంటే జవాబు రాకముందే పంపగలిగే మొత్తాన్ని, రెట్టింపు చేస్తూ మొదలుపెట్టాలి, ఒక హద్దు దాటాక ఒక్కో సెగ్మెంటే (ఒక ప్యాకెట్‌లో పట్టేంత సమాచారమే) పెంచాలి, ప్యాకెట్ పోతే వెనక్కి తగ్గాలి.

అయితే ఆ పత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చింది టైమర్ లెక్క. అంతకుముందు రౌండ్ ట్రిప్ సమయపు సగటును ఒక స్థిర సంఖ్యతో గుణించి జవాబు కోసం అంతసేపే వేచి చూసేవారు. రద్దీ పెరిగినప్పుడు ఆ సమయం సగటు ఒక్కటే కాదు, దాని హెచ్చుతగ్గులు కూడా పెరుగుతాయి కాబట్టి, క్యూలో ఇంకా బతికే ఉన్న ప్యాకెట్లను పోయినట్టు లెక్కగట్టి మళ్లీ పంపడం, ఆ రెండో ప్రతులు క్యూను మరింత పొడిగించడం జరిగేది. జాకబ్సన్ ఆ హెచ్చుతగ్గులను కూడా కొలిచాడు. ఇప్పటి ప్రమాణం ప్రకారం సగటుకు వాటి నాలుగింతలు కలిపితే వేచి ఉండవలసిన సమయం వస్తుంది.

ప్యాకెట్ పోవడమే రద్దీని తెలిపే కబురైనప్పుడు దాన్ని పోనివ్వకుండా దాచిపెట్టడం మేలు కాదు. మారతహళ్లిలో మేముండే ఫ్లాటులో ఎవరి ఫోనైనా ఫొటోల బ్యాకప్ మొదలుపెడితే చాలు, ఒంగోలులోని అమ్మతో వీడియో కాల్ ముక్కలయ్యేది. పింగ్ (ప్యాకెట్ పంపి జవాబుకు పట్టే సమయాన్ని కొలిచే పరీక్ష) పెట్టి చూస్తే ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు, కానీ పదుల మిల్లీసెకన్లలో రావలసిన జవాబు దాదాపు సెకను తరువాత వస్తోంది. మోడెమ్‌లోని పెద్ద బఫర్ (ప్యాకెట్లు వేచి ఉండే చోటు) అన్నిటినీ మింగి ఉంచుకోవడంతో, పంపే టీసీపీకి అంతా సవ్యంగానే ఉన్నట్టు తోచి విండోను పెంచుతూ పోతుంది. (మెమరీ చవకైతే వచ్చే తిప్పలివి.)

2012లో క్యాథ్లీన్ నికల్స్, జాకబ్సన్ కలిసి ప్రతిపాదించిన కోడెల్ అనే క్యూ నిర్వహణ పద్ధతి, క్యూ పొడవును చూడదు, ప్యాకెట్ అందులో ఎంతసేపు నిలిచిందో చూస్తుంది. 100 మిల్లీసెకన్ల పాటు ఆ నిరీక్షణ 5 మిల్లీసెకన్ల కన్నా తగ్గకపోతే పారేయడం మొదలుపెడుతుంది. మా రౌటర్‌లో దాన్ని పెట్టాక కాల్ నిలకడగా సాగుతోంది. కాకపోతే అప్‌లోడ్ పరిమితిని లైను అసలు వేగం కన్నా కాస్త తక్కువకు కట్టాలి; లేకపోతే క్యూ మళ్లీ మోడెమ్‌లోనే పేరుకుంటుంది, అక్కడ కోడెల్ చేయి ఆడదు.