చెర్యాల ఎరుపు, మోకాళ్ల లెక్క

కాలేజ్ ప్రాజెక్ట్ కోసం షేర్ ఆటో డిజైన్ చేస్తున్నా, సిటీ ట్రాఫిక్‌లో తక్కువ జాగాలో ఎక్కువమంది పట్టాలి, పైగా మన కల్చర్ కనిపించాలి అన్నారు సార్. నేనేమో చెర్యాల బొమ్మల (తెలంగాణలో గుడ్డ మీద కథలు గీసే పాత చిత్రకళ) ఎర్ర బ్యాక్‌గ్రౌండ్ తీసుకుని బండి మొత్తం పెయింటింగ్ వేసేసి తెగ మురిసిపోయా. నిన్న మెహిదీపట్నం దగ్గర టేపు పట్టుకుని ఒక ఆటో కొలుస్తుంటే డ్రైవరన్న నా స్కెచ్ చూసి "బొమ్మలు మంచిగున్నయ్ తమ్మీ, మరి మోకాళ్లు ఏడ పెట్టుకుంటరు?" అన్నాడు. అంతే, నా నోరు మూతపడింది.

నిజమే మరి, మామూలు ఆటో వెడల్పే సుమారు 1.3 మీటర్లు, పర్మిట్ ముగ్గురికి, ఎక్కేది ఆరుగురు, అందులో ఇద్దరు డ్రైవర్‌కి చెరోపక్క సగం సీటు మీద. ఫిలిప్పీన్స్‌లో మనీలా సిటీలో షేర్ బండ్లుగా తిరిగే జీప్నీలే చూడండి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికన్ ఆర్మీ వదిలేసిన జీపుల్ని పొడుగు చేసి ఎదురెదురుగా రెండు బెంచీలు వేశారు, వెనకోళ్ల డబ్బులు చేతులు మారుతూ డ్రైవర్ దాకా వెళ్తాయి. అందరూ వాటి రంగుల గురించే చెప్తారు గానీ నాకిప్పుడు ఆ బెంచీలే నచ్చుతున్నాయి.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఒకావిడ కూరగాయల సంచి కాళ్ల మధ్య ఇరికించుకుని మరీ పక్కావిడ పిల్లాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది, ఒకరి పేరు ఒకరికి తెలీదు. రాత్రి పెయింటింగ్ లేయర్ ఆఫ్ చేసి సీటు కింద సంచికి జాగా గీశా. మోకాళ్లకి మాత్రం ఇంకా నాలుగు వేళ్లు తక్కువొస్తోంది 😅