రాయల్ ఫెస్టివల్ హాల్ ఆర్గన్: ఒక పునరుద్ధరణ కథ

లండన్‌లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున రాయల్ ఫెస్టివల్ హాల్ అనే కచేరీశాల 1951 మే నెలలో ప్రారంభమయ్యే నాటికి, వేదిక వెనుక ఉండవలసిన పైప్ ఆర్గన్, అంటే గొట్టాల్లోకి గాలి పంపి మోగించే వాద్యం, ఇంకా సిద్ధం కాలేదు. ఇంగ్లండ్‌లోని డరమ్ నగరానికి చెందిన హారిసన్ అండ్ హారిసన్ సంస్థ నిర్మించిన ఆ వాద్యం 1954 మార్చి 24న మొదటిసారి శ్రోతల ముందు మోగింది. చేతులతో వాయించేందుకు నాలుగు వరుసల మెట్లు (కీలు), కాళ్లతో వాయించేందుకు మరో వరుస, ఒక్కో రకం నాదమిచ్చే గొట్టాల సమూహాన్ని పలికించే 103 మీటలు (స్టాపులు), 7,866 గొట్టాలు ఉన్న మహావాద్యం అది.

దీని రూపకర్త రాల్ఫ్ డౌన్స్ లండన్‌లోని బ్రాంప్టన్ ఆరేటరీ చర్చిలో ఆర్గన్ విద్వాంసుడు. అంతకు ముందు అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఆనాటి బ్రిటన్‌లో టౌన్ హాళ్ల ఆర్గన్లు సాధారణంగా ఎక్కువ ఒత్తిడి గల గాలితో, బరువైన నిండు నాదంతో మోగేవి. వాటి మీద జర్మన్ స్వరకర్త బాఖ్ రచనలు వాయిస్తే ఒకదానితో ఒకటి అల్లుకుని నడిచే స్వరధారలు కలగాపులగమైపోయేవి. డౌన్స్ తక్కువ ఒత్తిడి గాలిని ఎంచుకుని, ప్రతి ధారా విడిగా, స్పష్టంగా వినిపించే నాదాన్ని పట్టుబట్టి సాధించారు. పాత ఇంగ్లిష్ నాదానికి అలవాటుపడిన సంగీతజ్ఞులు చాలామంది విమర్శించారు గానీ, నా మట్టుకు నాకు డౌన్స్ పక్షమే న్యాయమనిపిస్తుంది.

ఆయన పట్టుదల ఎంత సూక్ష్మమైన విషయాల మీదో తెలియాలంటే ఒక సాధారణ లోహపు గొట్టాన్ని దగ్గరగా చూడాలి. అందులో కదిలే భాగమేదీ ఉండదు. అడుగున కొనదేలిన పాదానికి చిన్న రంధ్రం, దానిపైన సన్నని నోరు, నోటి లోపల అడ్డంగా ఒక రేకు, అంతే. పాదంలోంచి వచ్చిన గాలి ఆ రేకు అంచున పలుచని పొరగా వెలువడి పైపెదవికి తగిలితే, పిల్లనగ్రోవిలో మాదిరిగానే, నాదం పుడుతుంది. ఆ రేకును వెంట్రుకవాసి జరిపినా, రంధ్రాన్ని కాస్త వెడల్పు చేసినా గొట్టం పలికే తీరు మారిపోతుంది. వేల గొట్టాలకు ఈ సవరణ చేయాలి. అదీ పనిశాలలో కాదు, అవి మోగబోయే హాలులోనే చేస్తే తప్ప తృప్తిగా కుదరదు.

ఇబ్బందల్లా ఆ హాలుతోనే వచ్చింది. నాదం నిలవకుండా త్వరగా ఆరిపోతుందన్న ఫిర్యాదు తొలినాళ్ల నుంచీ ఉండేది. 1960లలో ఎలక్ట్రానిక్ పరికరాలతో సర్దిచూశారు. చివరికి 2005లో హాలును మూసి వేదిక పరిసరాలను మార్చడానికి పూనుకున్నప్పుడు, ఆర్గన్ ముందు నుంచి వెనక్కి ఉన్న తన లోతులో 1.1 మీటర్లు వదులుకోవలసి వచ్చింది. వాద్యాన్ని మొత్తం విప్పారు. 2007లో హాలు తిరిగి తెరిచినప్పుడు మూడో వంతు మాత్రమే వెనక్కి వచ్చింది. మిగిలిన భాగం నిధుల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసింది.

పునరుద్ధరణకు 23 లక్షల పౌండ్లు కావలసివచ్చింది. లాటరీ సొమ్ముతో నడిచే వారసత్వ నిధి 9.5 లక్షలు ఇచ్చింది. మిగతా మొత్తం కోసం జరిగిన విరాళాల సేకరణలో సామాన్య శ్రోతలు ఒక్కో గొట్టానికి దాతలుగా నిలిచారు. ఒక కచేరీ వాద్యాన్ని జనం తమదిగా భావించడం నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన సంగతి.

పని మాత్రం మళ్లీ హారిసన్ సంస్థకే దక్కింది. మెట్టు నొక్కగానే విద్యుత్ సంకేతం వెళ్లి, తోలుతో చేసిన చిన్న తిత్తి కదిలి, గొట్టం కింద కవాటం తెరుచుకోవడం ఇందులోని ఏర్పాటు. యాభై ఏళ్లకు తోలు ఎండి బిరుసెక్కుతుంది, గాలి కారుతుంది. దాన్ని మార్చక తప్పదు. తగ్గిన లోతులో ఇమిడేలా గాలి సరఫరానూ తిరిగి అమర్చారు. డౌన్స్ నాదాన్ని ‘మెరుగుపరచాలని’ మాత్రం ఎవరూ చూడలేదు. పాత వాద్యాన్ని బాగుచేసేవారికి ఆ ప్రలోభం ఎప్పుడూ ఉంటుంది కనుక, ఈ నిగ్రహాన్ని నేను గొప్పగా తలుస్తాను. 2014 మార్చిలో, తొలి కచేరీ జరిగిన అరవై ఏళ్లకు, వాద్యం పూర్తిగా మోగింది.

అయినా ఇలాంటి వాద్యానికి సేవ ఎన్నటికీ పూర్తికాదు. హాలు వేడెక్కితే సాధారణ గొట్టాల శ్రుతి పెరుగుతుంది, పీకలున్న (కంపించే లోహపు నాలుకతో మోగే) గొట్టాల శ్రుతి దాదాపు అక్కడే ఉంటుంది, రెండూ కలిపి వాయిస్తే అపశ్రుతి వినిపిస్తుంది. అందుకే శ్రుతి చేసేవారు కచేరీ వేళ హాలులో ఎంత వెచ్చదనం ఉంటుందో అంతే వెచ్చదనంలో పని చేయాలనుకుంటారు.