మూడు గోనెసంచుల జావా

మ్లదా బొలెస్లావ్‌లో డిసెంబరు వస్తే మధ్యాహ్నం నాలుగింటికే దీపాలు పెట్టాలి. ఉదయం ఆరింటి షిఫ్టుకు చీకట్లో బయలుదేరి, మళ్లీ చీకటి పడే వేళకు గది చేరేవాడిని. 2017లో విశాఖపట్నం నుంచి చెక్ దేశం వచ్చిన నాకు ఆ మొదటి శీతకాలంలో ఎండ కనిపించింది క్యాంటీను కిటికీలోంచే. కార్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో యంత్రాల మరమ్మతు పని నాది. గదికి నలుగురం: ఇద్దరు ఉక్రెయిన్ వాళ్లు, ఒక మంగోలియా కుర్రాడు, నేను. నా ఉద్యోగ కార్డు ఆ పనితోనే ముడిపడి ఉంది కాబట్టి, నన్ను తెచ్చిన ఏజెన్సీ ఓవర్‌టైము లెక్క తక్కువ చూపినా నోరెత్తలేదు. సందు చివర వియత్నాం దంపతుల కొట్టులో పచ్చిమిరపకాయలు, కొత్తిమీర దొరికేవి. మాట్లాడటానికి మనిషే దొరికేవాడు కాదు. పనిలో వేలితో చూపించడం, తల ఊపడం. ఇంటికి ఫోను చేస్తే అంతా బాగానే ఉందని చెప్పడం.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఊరి బయట రోడ్డు మీద నడుస్తుంటే వెనక నుంచి ఒక చప్పుడు వచ్చింది. తిరిగి చూడకుండానే ఒళ్లు జలదరించింది. టూ స్ట్రోకు ఇంజిను, రెండు సైలెన్సర్లు, గేరు తగ్గించినప్పుడు గొంతు సవరించుకున్నట్టుండే ఆ ఉరుము. చిన్నప్పుడు రోజూ సాయంత్రం షిప్‌యార్డు నుంచి వచ్చి మల్కాపురంలో మా సందు మలుపు తిరిగే నాన్న బండి చప్పుడు అది. ఎర్రటి బండి నా పక్కనుంచి వెళ్లి, కొంత దూరంలో ఒక బీరు దుకాణం ముందు ఆగింది. పరుగెత్తాను. హెల్మెట్టు తీస్తున్న పెద్దాయనకు డెబ్బై ఏళ్లుంటాయి. నాకు అప్పటికి పట్టుబడిన చెక్ మాటలు పదో పన్నెండో. బండి వైపు చూపించి "జావా" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి "యావా" అని దిద్దారు. వాళ్ల భాషలో ఆ అక్షరాన్ని అలాగే పలుకుతారు.

ఫోను తీసి ఒక ఫొటో చూపించాను. మా పెరట్లో రేకుల షెడ్డు, అందులో మూడు గోనెసంచులు, ఒక సంచి మూతిలోంచి బయటికి తొంగిచూస్తున్న హెడ్‌లైటు గిన్నె. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. బండి పేరు అడగలేదు. అడగక్కర్లేదు కదా.

ఆ బండి కథ చెప్పాలి. జావా పుట్టింది చెక్ దేశంలోనే. ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఆయుధాల తయారీదారు 1929లో జర్మనీ కంపెనీ వాండరర్ నుంచి మోటారు సైకిలు చేసే హక్కులు కొన్నాడు. రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే జావా. మన దేశంలో 1961లో మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ ఈ బండ్లు తీయడం మొదలుపెట్టింది. మొదట్లో చెక్ నుంచి వచ్చిన భాగాలను కూర్చేవారు. పోనుపోను ఒక్కొక్క భాగాన్నీ ఇక్కడే చేసుకున్నారు. 1970లలో పేరు యెజ్డీగా మారింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. మా బండి 1962 నాటిది. హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా చేరిన నాన్న, 1979లో తోటి ఉద్యోగి దగ్గర దాన్ని కొన్నారు. కొన్న రోజే సంపత్ వినాయకుడి గుడి ముందు నిమ్మకాయ తొక్కించి ఇంటికి తెచ్చారట. విశాఖలో కొత్త బండి కొన్నవాళ్లంతా ఇప్పటికీ అక్కడికే వెళ్తారు. పాత బండే అయినా నాన్నకు అది కొత్తదే.

మా వీధి పిల్లలకు ఆ బండిలో పెద్ద వింత ఎడమ కాలి దగ్గరి రాడ్డు. కిక్కు కొట్టేదీ అదే, గేరు వేసేదీ అదే. లోపలికి నొక్కి వెనక్కి తిప్పి నిలబెడితే కిక్కు రాడ్డు. ఇంజిను అందుకున్నాక ముందుకు తిప్పి పడుకోబెడితే గేరు రాడ్డు. పైగా కాలితో గేరు వేస్తే లోపల క్లచ్చు దానంతటదే విడిపోతుంది, చేత్తో నొక్కక్కర్లేదు. వెనక గొలుసు బయటికి కనబడదు. రేకు తొడుగులో, రబ్బరు గొట్టాల్లో దాక్కుని తిరుగుతుంది. సముద్రం పక్కన బతికే బండికి అంతకన్నా కావలసింది ఏముంది? మల్కాపురం ఉప్పుగాలికి కిటికీ ఊచలే ఊడిపోతాయి, ఆ గొలుసు మాత్రం ఏళ్ల తరబడి నూనెలో మెరుస్తూ ఉండేది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. పక్కింటి కొబ్బరిచెట్టు షెడ్డు మీద పడింది. రేకులు, దూలం, వాటి కింద బండి. ఊరంతా కరెంటు లేక, నీళ్లు లేక అల్లాడుతుంటే బండి గురించి ఎవరు పట్టించుకుంటారు? తరవాత బాగుచేయిస్తానని ఒక మెకానిక్ తీసుకువెళ్లి, మొత్తం విప్పి, రెండేళ్లు మూల పడేశాడు. తిరిగి తెచ్చుకునేటప్పటికి సగం భాగాలు లేవు. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజినుకు పంపే కార్బొరేటర్ లేదు, సిలిండరు పగిలింది, గేరు రాడ్డు మీట ఒక్కటే మిగిలి దాని లోపలి సరంజామా పోయింది. పాత ఇనుము కొనేవాళ్లు కిలో లెక్కన అడిగితే నాన్న ఒప్పుకోలేదు. ఉన్నవాటిని మూడు సంచుల్లో కట్టారు. ఒకదానిలో ఇంజిను ముక్కలు, రెండోదానిలో ఫోర్కులు, మడ్‌గార్డులు. మూడో సంచి మీద సుద్దతో "చూడాలి" అని రాశారు.

పెద్దాయన తరవాతి ఆదివారం తన గ్యారేజీకి రమ్మన్నారు. ముప్పై ఎనిమిదేళ్లు లేత్ మీద పనిచేసిన మనిషి. గోడ నిండా అరలు, అరల నిండా జాము సీసాలు, సీసాల్లో నట్లు, వాషర్లు, సీళ్లు. ప్రతి సీసాకూ కాగితం ముక్క, దాని మీద సిరాతో కొలత. పాత కమ్యూనిస్టు పాలనలో దుకాణంలో ఏదీ దొరకని రోజుల్లో ఎవరికి వాళ్లే చేసుకోవడం, దాచుకోవడం అక్కడి ఇళ్లలో అలవాటైందట. "జ్లాతే చెస్కే రుచిచ్కి" అని వాళ్లకో నానుడి ఉంది: చెక్ వాళ్లవి బంగారు చేతులు అని. ఆయన చేతులు చూశాక దాన్ని గొప్పలకు పోవడం అనలేను.

నా చెక్ భాష అంతా ఆ గ్యారేజీలోనే పుట్టింది. పిస్టన్ అంటే "పీస్ట్", కనెక్టింగ్ రాడ్డు "ఓయ్నిత్సే", స్ప్రింగు "ప్రుజినా". ముందు ఇనుము పేర్లు వచ్చాయి, తరవాత వాటిని కలిపే క్రియలు, ఆ తరవాత మనుషుల గురించిన మాటలు. ఆరు నెలలకు ఫ్యాక్టరీలో యంత్రం ఆగితే ఏ బేరింగు ఎందుకు పోయిందో వాళ్ల భాషలోనే చెప్పాను. షిఫ్టు పెద్ద నన్ను అప్పుడు మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. ఓవర్‌టైము లెక్క కూడా ఆ ఏడాదే కాగితం పట్టుకుని వెళ్లి సరిచేయించుకున్నాను.

ఒకరోజు "యెజ్డీ" పేరు చెబితే పెద్దాయన ఆశ్చర్యపోయారు. ఇరాన్‌లోని యజ్ద్ నగరం పేరు మీద దాన్ని పెట్టారంటారు. అయితే చెక్ భాషలో "యెజ్దీ" అంటే "నడుస్తోంది, తిరుగుతోంది" అని అర్థం. బండి ఆగిపోయి మళ్లీ కదిలితే వాళ్లు అనే మాట అదే.

భాగాల వేట నాలుగేళ్లు సాగింది. పాత బండ్ల సంతను అక్కడ "బుర్జా" అంటారు. తెల్లవారకముందే టార్చిలైట్లు పట్టుకుని తిరగాలి. ఎండెక్కాక వెళితే మంచివి మిగలవు. ఒకసారి పగులుకు లప్పం పూసి రంగేసిన సిలిండరు అంటగట్టారు. గోరుతో గీస్తే తెలిసేది, చలికి చేతి తొడుగులు తీయలేదు. అప్పటి నుంచి ఎంత మంచు కురిసినా ఉత్త చేతులతోనే పట్టుకుని చూశాను. కార్బొరేటర్ అలాగే దొరికింది. కుట్టుమిషను ముక్కల కింద నల్లగా, జిడ్డు గట్టకట్టి ఒక ముద్ద. బొటనవేలి గోరుతో పక్కన గీకాను. ఒక అక్షరం తేలింది, ఇంకొకటి తేలింది: యికోవ్, చెక్ కార్బొరేటర్ల పేరు. లోపలి స్లైడు వేలితో నెట్టి వదిలాను. చుక్క నూనె లేకుండా, టక్కుమని కిందికి జారి కూర్చుంది. బేరమాడటానికి నోరు రాలేదు.

ఇంత తిరగడం ఎందుకు, కొత్తగా పోతపోసిన నకళ్లు సగం ధరకు దొరుకుతాయి కదా అని చాలామంది అడిగారు. నేనూ ఒకటి రెండు కొని చూశాను. క్లచ్చును విడదీసే చిన్న మీట ఒకటి నకలుది తెచ్చి నాన్నకు వీడియోలో చూపించాను. "దాని మూతి దగ్గర వంపు చూడు, గుండ్రంగా లేదు, నలగ్గొట్టినట్టుంది. మూడు నెలలకు అరుగుతుంది, అప్పుడు గేరు వేసినా క్లచ్చు పూర్తిగా విడదు" అన్నారు. ఫోను ఇటు తిప్పితే పెద్దాయన కూడా ఆ వంపు మీదే వేలు పెట్టి తల అడ్డంగా ఊపుతున్నారు. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు. నాన్న మల్కాపురంలో కుర్చీలో కూర్చుని ఎడమకాలు ఎత్తి గేరు వేసినట్టు నటించారు. ఆయన ఇక్కడ స్టూలు మీద అలాగే చేశారు. నేను మధ్యలో ఫోను పట్టుకుని నిలబడ్డాను, అనువదించడానికి నాకేమీ మిగల్లేదు. నకలు భాగాన్ని బిగించాలి. అసలు భాగం తన చోట తాను కూర్చుంటుంది. ఈ తేడా ఫిట్టరు చేతికి తెలుస్తుంది.

2021లో మన ప్రభుత్వం తెచ్చిన నిబంధన కూడా ఈ పట్టుదలకు ఊతమిచ్చింది. యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిను మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజి బండిగా నమోదు చేసుకోవచ్చు; కొత్తగా నమోదయ్యేవాటికి "వీఏ" అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. అలాంటి బండిని రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. నాన్నకు కావలసింది నెలకోసారి బీచి రోడ్డు.

ప్రతి సెలవుకూ బట్టలు తగ్గించి ఇనుము మోశాను. ప్రాగ్ విమానాశ్రయంలో తుండుగుడ్డలో చుట్టిన కనెక్టింగ్ రాడ్డు చూసి భద్రతాధికారి పెట్టె తెరిపించాడు. "యావా, 250" అన్నాను. మా తాతకుండేది అని నవ్వి, తనే మళ్లీ చుట్టి లోపల పెట్టాడు.

2023లో అయిదు వారాల సెలవు దొరికింది. ఆ అయిదు వారాల్లో నాకు బాగా గుర్తున్నది గాజువాక ఆటోనగర్‌లో క్రాంకు, అంటే పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే భాగం, కూర్చిన రోజు. ఈ ఇంజిను క్రాంకు బోల్టులతో బిగించేది కాదు. రెండు బరువైన చక్రాలు, మధ్యలో పిన్ను, పిన్ను మీద రాడ్డు, అన్నీ ప్రెస్సులో నొక్కి కూర్చినవి. నొక్కేటప్పుడు వెంట్రుకవాసి వంకర వచ్చినా తిరిగేటప్పుడు బండి మొత్తం వణుకుతుంది. మేస్త్రి దాన్ని లేత్ మీద రెండు మొనల మధ్య పెట్టి, డయల్ గేజి ఆనించి, చేత్తో నెమ్మదిగా తిప్పారు. ముల్లు ఎనిమిది గీతలు ఊగింది. ఎత్తుగా ఉన్నచోట సుద్దతో గుర్తు పెట్టి, రాగి సుత్తితో ఒక్కటి కొట్టారు. మళ్లీ తిప్పారు. అయిదు గీతలు. ఇంకో దెబ్బ. నాన్న పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని ఏమీ మాట్లాడకుండా ముల్లునే చూస్తున్నారు. మధ్యాహ్నం భోజనం వేళ దాటింది. ముల్లు రెండు గీతల దగ్గర, అంటే మిల్లీమీటరులో వందకు రెండు వంతుల దగ్గర నిలిచాక, మేస్త్రి సుత్తి నాన్న చేతిలో పెట్టి, "ఇక మీరు చెప్పండి బాబుగారూ" అన్నారు. నాన్న వేళ్లు ఇప్పుడు కాస్త వణుకుతాయి. ఆ వేళ్లతోనే రాడ్డును పక్కలకు కదిపి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "చాలు" అన్నారు.

రంగు దగ్గర మాత్రం మేమిద్దరం పోట్లాడుకున్నాం. ట్యాంకు మీద మోకాలు రాసుకుని అరిగిన పాత రంగు అలాగే ఉంచాలని నా పట్టు. సంపత్ వినాయకుడి గుడికి తెచ్చిన రోజు ఎలా ఉందో అలా మెరవాలని ఆయన పట్టు. ఆయన మాటే నెగ్గింది, అదే న్యాయం కూడా.

నా సెలవు అయిపోయేనాటికి ఇంజిను బండిలో కూర్చుంది, వైరింగు ఇంకా మిగిలింది. నేను విమానం ఎక్కిన పన్నెండో రోజున నాన్న నా ఫోనుకు ఒక ధ్వని ముక్క పంపారు. రాత్రి షిఫ్టు ముగించి, నిద్రపోకుండా నేరుగా గ్యారేజీకి వెళ్లాను. పెద్దాయన పొయ్యి వెలిగిస్తున్నారు. ఫోను బల్ల మీద పెట్టి మోగించాను. కిక్కు ఒకటి, రెండు, మూడు, నాలుగోదానికి అందుకుంది. వెనక అమ్మ గొంతు, ఎవరో చప్పట్లు.

"యెజ్దీ" అన్నారు పెద్దాయన. వెంటనే చెయ్యి ఎత్తి, ఇంకోసారి పెట్టమన్నారు. ఈసారి కళ్లు మూసుకుని విన్నారు. యాక్సిలరేటర్ తగ్గించినచోట ఒక దెబ్బ విడిచి ఒక దెబ్బ కొడుతోంది, పెట్రోలు చిక్కగా పడుతోంది, కార్బొరేటర్ సూదిని ఒక్క గాడి కిందికి దించమనండి అన్నారు. నాన్నకు ఫోను చేసి చెప్పాను. "నాకూ అనుమానంగానే ఉంది, ఒక్క గాడేనా అని ఆయన్ని మళ్లీ అడుగు" అన్నారు నాన్న. ఒక్కటే అని పెద్దాయన చూపుడువేలు ఎత్తారు.

మర్నాడు ఇంకో ముక్క వచ్చింది. ఈసారి అమ్మ గొంతు లేదు, చప్పట్లు లేవు. బండి ఒక్కటే, మల్కాపురం సందులో నిలబడి, తడబాటు లేకుండా తిరుగుతోంది. పెద్దాయన రెండుసార్లు విన్నారు. మూడోసారి పెట్టమని సైగ చేసి, పొయ్యిలో కట్టె సర్దడానికి లేచారు. కట్టె చేతిలో పట్టుకుని, అది ఆగేదాకా అక్కడే నిలబడిపోయారు.