పారే ద్రవం కింద కిడ్నీ కణాలు: నా ప్రాజెక్టు అనుభవం

హన్మకొండలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సెమిస్టర్. ప్రాజెక్టుకు కిడ్నీ కణాలు తీసుకుంటానంటే మా గైడ్ సార్ ఒక్కటే అడిగారు: "ప్లేట్ల కదలకుండ పెట్టి చూస్తవా, పారేదాని కింద చూస్తవా?" రెండోదే అన్నా. మన రెండు కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడగడతాయి, బయటికొచ్చేది లీటరున్నర. మిగతాదంతా సన్నటి నాళాల్లో గోడ కణాలను ఒరుసుకుంటూ పారి, మళ్లీ రక్తంలో కలుస్తుంది. అలాంటి కణాన్ని నిలవ ద్రవంలో పెంచి దాని గుణం ఇదీ అని చెప్పడం నాకు నచ్చలేదు. పైగా మా మేనమామకు కిడ్నీల నిండా తిత్తులు, వంశంలో వచ్చే జబ్బు. అందులో చెడిపోయే పాలీసిస్టిన్ ప్రొటీన్లు కణం మీద వెంట్రుకలా లేచే సీలియం మీద కూడా ఉంటాయి.

వాడినవి ఎండీసీకే కణాలు, 1958లో కుక్క కిడ్నీ నుంచి తీసినవి. అవి నిండుగా పరుచుకున్నాక కూడా కొన్ని రోజులు ఆగాలి, సీలియం పొడుగయ్యేది అప్పుడే. ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా దండగ.

లెక్క తేలికే. కణాలు పరుచుకుని ఉండే సన్నటి దారిని ఛానల్ అంటాం. దాని ఎత్తు 0.2 మిల్లీమీటర్లు, వెడల్పు 1 మిల్లీమీటరు ఉంటే, పంపుతో నిమిషానికి సుమారు 29 మైక్రోలీటర్ల మీడియం (కణాలను పెంచే ద్రవం) పంపితే కణాల మీద ఒరిపిడి చదరపు సెంటీమీటరుకు 0.5 డైన్ (డైన్ అంటే బలానికి ఒక చిన్న కొలత). ఎత్తు సగమైతే అదే ప్రవాహానికి ఒరిపిడి 4 రెట్లవుతుంది. అందుకే ప్రతి ఛానల్ ఎత్తూ మైక్రోస్కోపు కింద కొలిచాకే పంపు సెట్ చేసేదాన్ని.

ఏడిపించినవి గాలిబుడగలు. ఫ్రిజ్‌లోంచి తీసిన మీడియం వేడెక్కేకొద్దీ అందులో కరిగిన గాలి బయటికొస్తుంది. ఒక్క బుడగ ఛానల్లో జారిందంటే దాని అంచు కణాలను ఊడ్చుకుపోతుంది, వెనక ఖాళీ చార మిగులుతుంది. వారాల తరబడి పెంచిన పొర అట్లా పోతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. సార్ సలహాతో మీడియంను ముందే ఇంక్యుబేటర్‌లో మూత వదులుగా పెట్టి, ఛానల్‌కు ముందు బుడగలు ఆగే చిన్న అర అమర్చాక దారికొచ్చింది. పంపులో పెట్టే సిరంజిని సన్నదానికి మారిస్తే కుదుపులూ తగ్గాయి. మే నెల గాలిదుమారానికి కరెంటు పోయి పంపు ఆగిన రోజు రీడింగులు మాత్రం పక్కన పెట్టేశా. ఆగి మళ్లీ మొదలయ్యే ఆ ఊపుకే కణం స్పందిస్తుంది.

కణంలో కాల్షియం పెరిగితే వెలిగే రంగు వేసి పంపు తిప్పితే, కాసేపటికి కణాలు ఒక్కొక్కటే వెలిగాయి. ఆ రోజు ల్యాబ్‌లోంచి కదలబుద్ధి కాలేదు. సీలియం వంగితే కణంలో కాల్షియం పెరుగుతుందని 2001లో ప్రిటోరియస్, స్ప్రింగ్ అనే పరిశోధకులు చూపించారు. 2016లో వచ్చిన మరో పరిశోధన మాత్రం సీలియంలో అలాంటి కాల్షియం స్పందనే కనబడలేదంది. అందుకే థీసిస్‌లో "ప్రవాహానికి కణం స్పందించింది" అనే రాశా, కారణం సీలియమేనని రాయలేదు. వైవాలో ఎక్స్‌టర్నల్ గారు దాని మీదే చాలాసేపు అడిగారు. సీలియం తీసేసిన కణాలను, ఉన్న కణాలను అదే ఛానల్లో, అదే ఒరిపిడి కింద పక్కపక్కనే నడిపితే తప్ప ఆ మాట అనలేమని చెప్పా. ఇప్పుడు మా జూనియర్ ఆ పని మొదలుపెట్టింది.