రెండు లక్షల డాలర్ల గీత, మన ఇంటి కాగితాలు

ఏడాదికి రెండు లక్షల డాలర్లు, అంతకు లోపు ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకు ట్యూషన్ ఫీజు ఉండదని అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీ 2025 మార్చిలో ప్రకటించింది. అంతకు నాలుగు నెలల ముందే, 2024 నవంబరులో, అక్కడిదే ఎంఐటీ అదే గీత గీసింది. డాలరు 85 రూపాయలనుకున్నా రెండు లక్షల డాలర్లంటే కోటీ డెబ్బై లక్షలు. కావలి పక్కన రొయ్యల గుంటలున్న రైతు, టంగుటూరు వేలానికి పొగాకు బేళ్లు తోలే రైతు, ఒంగోలులో బడి పంతులు, చీమకుర్తి క్వారీలో సూపర్‌వైజరు, వీళ్లలో ఆ గీత దాటేది ఎవరు? నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంటర్ చదివే పిల్లలకు ఆదాయ పరిమితి అసలు అడ్డమే కాదు. అడ్డాలు వేరే చోట ఉన్నాయి. ఆ మాట విదేశీ విద్యార్థికి కూడా వర్తింపజేసే కాలేజీలేవి, ‘ఫ్రీ’ అన్నదాంట్లో ఏమేం కలుస్తాయి, మన ఇంటి కాగితాలు ఏం చెబుతాయి అన్నవి చూసుకోవాలి. ఎక్కువగా రాయబోయేది కాగితాల గురించే. మన ఇళ్ల లెక్కకూ వాళ్ల ఫారానికీ పొంతన కుదరనిది అక్కడే.

ముందుగా ఒక మాట. ఇదంతా ఇంటర్ తర్వాత చేరే నాలుగేళ్ల డిగ్రీకే. ఎంఎస్‌కు ఈ పథకాలు వర్తించవు. బీటెక్ అయ్యాక ‘హార్వర్డ్‌లో ఫ్రీ అంట కదా’ అని వెతికితే దొరికేది ఏమీ ఉండదు.

డబ్బు ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే షరతులు ఎందుకున్నాయో అర్థమవుతుంది. పూర్వ విద్యార్థులు, దాతలు ఇచ్చిన నిధిని ఈ యూనివర్సిటీలు ఖర్చు చేసేయవు, పెట్టుబడుల్లో ఉంచి ఏటా కొంతే తీసుకుంటాయి. గుడి మాన్యాన్ని అమ్మకుండా దాని కౌలుతో ధూపదీపాలు నడిపినట్టే. 2024లో హార్వర్డ్ నిధి 5,300 కోట్ల డాలర్ల పైమాటే. ప్రిన్స్‌టన్ 2001లోనే విద్యార్థులకు అప్పులు కట్టబెట్టడం మానేసి తిరిగి కట్టక్కర్లేని గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2004లో హార్వర్డ్ 40,000 డాలర్ల లోపు ఆదాయమున్న తల్లిదండ్రులు ఏమీ కట్టనక్కర్లేదంది. ఆ గీతే పెరుగుతూ వచ్చి ఇప్పుడు లక్ష డాలర్ల దగ్గర ఉంది. అంత నిధి లేని కాలేజీ ఇలాంటి మాట ఇచ్చే స్థితిలో ఉండదు. ఇచ్చినా తమ దేశం పిల్లల వరకే ఇస్తుంది.

ఇప్పుడు ఏ కాలేజీ అన్నది. అక్కడ ‘నీడ్-బ్లైండ్’ అనే మాట వాడతారు. సీటు ఇచ్చేటప్పుడు ఈ పిల్లకు డబ్బు సాయం కావాలా వద్దా అన్నది చూడరని అర్థం. విదేశీయుల విషయంలో కూడా అలా చూడకుండా ఉండి, సీటు వచ్చాక అవసరమైనదంతా ఇస్తామనే కాలేజీలు కొద్ది మాత్రమే: హార్వర్డ్, ఎంఐటీ, ప్రిన్స్‌టన్, యేల్, డార్ట్‌మత్, బ్రౌన్, ఆమ్‌హర్స్ట్, బోడిన్, ఇంకొన్ని. స్టాన్‌ఫర్డ్, పెన్సిల్వేనియా యూనివర్సిటీ లాంటివి అమెరికా పిల్లలకు అలా ఉంటాయి, విదేశీయులకు మాత్రం సాయం అడిగారన్నది కూడా సీటు తూకంలో వేస్తాయి. అది చూసి ‘ముందు సీటు తెచ్చుకుందాం, సాయం తర్వాత అడుగుదాం’ అనుకుంటే పొరపాటు. దరఖాస్తు రోజున సాయం అడగని విదేశీ విద్యార్థికి స్టాన్‌ఫర్డ్ నాలుగేళ్లలో మళ్లీ ఇవ్వదు. టెక్సస్ యూనివర్సిటీ లక్ష డాలర్ల లోపు ఇళ్లకు ఫ్రీ అంటే టెక్సస్‌లో నివాసం ఉన్నవాళ్లకే. ఎమరీ యూనివర్సిటీ పథకం అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు. వాట్సాప్‌లో తిరిగే జాబితాల్లో ఇవన్నీ ఒకే వరసలో ఉంటాయి. ఒక్కో కాలేజీ వెబ్‌సైటులో ‘ఇంటర్నేషనల్’ పేజీ తెరిచి చూసేదాకా ఏదీ నమ్మొద్దు.

‘ట్యూషన్ ఫ్రీ’, ‘అంతా ఫ్రీ’ ఒకటి కాదు. 2025-26లో హార్వర్డ్ ట్యూషన్ 59,320 డాలర్లు. గది, భోజనం, ఇతర ఫీజులు కలిపితే 86,926. తేడా 27,606 డాలర్లు, మన లెక్కలో ఏడాదికి ఇరవై మూడున్నర లక్షలు. అయితే ఆదాయం లక్ష డాలర్లు, అంటే 85 లక్షలు దాటని ఇంటికి హార్వర్డ్‌లో తల్లిదండ్రుల వాటా సున్నా, ఎంఐటీలోనూ అంతే. గది, తిండి అన్నీ అందులోనే. పిల్లవాడు కాలేజీలోనే వారానికి కొన్ని గంటలు పనిచేసి కొంత సంపాదించుకోవాలని మాత్రం అనుకుంటారు.

దీని పక్కన ‘50 శాతం స్కాలర్‌షిప్’ అని కన్సల్టెన్సీలు చూపించే ఆఫరు పెట్టి చూడండి. ట్యూషన్ 40,000 డాలర్లు అనుకుంటే సగం పోగా 20,000, దాని మీద గది, తిండి 15,000. ఏడాదికి దాదాపు 30 లక్షలు, నాలుగేళ్లకు కోటీ ఇరవై లక్షలు. అప్పు చేసి పంపే ముందు ఈ రెండో లెక్క కాగితం మీద వేయాలి.

ఇక కాగితాలు. హార్వర్డ్, ఎంఐటీ సహా చాలా కాలేజీలు సాయం లెక్క కట్టడానికి, శాట్ పరీక్ష నడిపే కాలేజ్ బోర్డు అనే సంస్థ వాళ్ల సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఫారం అడుగుతాయి. ఏటా అక్టోబరు 1న తెరుస్తారు. మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి 16. ఫీజు మాఫీ అమెరికా కుటుంబాలకే తనంతట తాను వస్తుంది. మనవాళ్లు ఆ కాలేజీ ఆర్థిక సాయం ఆఫీసుకు ముందే మెయిల్ పెట్టి అడగాలి, మాఫీ కోడ్ ఇచ్చే కాలేజీలు ఉన్నాయి. అది రాకముందే డబ్బు కట్టేస్తే ఆ అవకాశం పోయినట్టే.

మన దగ్గర ఆదాయ ధ్రువీకరణ పత్రం ఒక అలవాటుగా మారింది. రైస్ కార్డు పోకుండా, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగకుండా ఎంత ఉండాలో అంతే రాయించుకుంటారు. సచివాలయంలో అర్జీ పెడితే తహసీల్దారు సంతకంతో ఏడాదికి లక్ష అని వస్తుంది. ఇక్కడి పథకాల్లో ఆ ఒక్క కాగితంతో పని జరిగిపోతుంది. ఐఐటీలోనూ ఏడాదికి రెండు లక్షల ట్యూషన్‌లో, ఇంటి ఆదాయం లక్ష లోపు ఉంటే మొత్తం, లక్ష నుంచి ఐదు లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఆదాయంతో పని లేకుండా ట్యూషన్ మాఫీ. హాస్టలు, మెస్సు వేరు. ఇక్కడ గీత దగ్గర పదివేలు అటూ ఇటూ అయితే లక్షల తేడా వస్తుంది కాబట్టి పత్రం చుట్టూ అంత తాపత్రయం.

సీఎస్‌ఎస్ ప్రొఫైల్‌లో అది పనికిరాదు. ఆదాయంతో పాటు విదేశీ కుటుంబాలను ఇంటి ఖర్చులు కూడా అడుగుతుంది: అద్దె, తిండి, కరెంటు, వైద్యం, చదువులు విడివిడిగా. ఒక ఇల్లు ఊహించండి. పత్రంలో ఆదాయం లక్ష. పాప ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీ ఫీజు లక్షా ఎనభై వేలు. ఎల్ఐసీ ప్రీమియం 36,000. బండి వాయిదాలు, తిండి, పెట్టుబడి కలిపి ఖర్చు నాలుగున్నర లక్షలు. ఫారం చదివే అధికారి అడిగే మొదటి ప్రశ్న, మిగతా మూడున్నర లక్షలు ఎక్కడివని. జవాబు లేకపోతే ఫైలు ఆగుతుంది. తప్పుడు సమాచారం అని తేలితే ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకోవచ్చు. పైగా తగ్గించి రాయడం వల్ల వచ్చే లాభం ఏమిటి? తల్లిదండ్రుల వాటా సున్నా అయ్యే గీతే 85 లక్షల దగ్గర ఉంది. లక్ష రాసినా ఆరు లక్షలు రాసినా వచ్చే సాయం దాదాపు ఒకటే. నిజం ఆరు లక్షలైతే ఆరే రాయండి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు తెచ్చుకున్న పత్రాన్ని ఈ ఫైల్లోకి లాగొద్దు.

వ్యవసాయ ఆదాయానికి మన దేశంలో ఆదాయపు పన్ను లేదు. ఐటీఆర్ వేయలేదు కాబట్టి ఆదాయం లేదని రాసేవాళ్లు చేసే తప్పు ఇదే. ఫారంలో పన్ను పడని ఆదాయానికి వేరే గడి ఉంది, అక్కడ రాయాలి. రుజువుగా పొగాకు రైతుకు వేలం బిల్లులు, బ్యాంకు ఖాతాలో పడిన మొత్తం ఉంటాయి. వరి రైతుకు ధాన్యం అమ్మిన రసీదు, రొయ్యల రైతుకు కొనుగోలుదారు ఇచ్చిన బిల్లులు, మేత, సీడు బిల్లులు. ఖర్చు తీసేసిన తర్వాత మిగిలినదే ఆదాయం. అమ్మకం మొత్తాన్ని ఆదాయమని రాస్తే గుంట మీద పాతిక లక్షలు తెచ్చిన రైతు నిజంగా మిగిలిన రెండు లక్షలతో కాక పాతికతో కనిపిస్తాడు. రొయ్యలకు వైట్‌స్పాట్ తెగులు వచ్చి పంట పోయిన ఏడాది, ధర పడిపోయిన ఏడాది ఉంటే ‘ప్రత్యేక పరిస్థితులు’ అన్న చోట నెల, ఎకరాలు, పెట్టిన పెట్టుబడి, చేతికొచ్చింది అంకెలతో రాయాలి. ‘చాలా నష్టపోయాం’ అన్న వాక్యం పక్కన అంకె లేకపోతే చదివేవాళ్లకు ఏమీ తెలియదు.

ప్రకటనల్లో చిన్న అక్షరాలతో ‘సాధారణ ఆస్తులు ఉన్న కుటుంబాలకు’ అని ఉంటుంది. భూమి ఉన్న ఇంటికి మెలిక అక్కడే. ఐదెకరాల మాగాణి, ఎకరా 40 లక్షలు అనుకుంటే కాగితం మీద రెండు కోట్ల ఆస్తి, దాని మీద మిగిలేది ఏడాదికి రెండు మూడు లక్షలు. రిజిస్ట్రేషన్ విలువ రాసి వదిలేయకండి, దళారి చెప్పే ఆశ ధర కూడా వద్దు. ఊళ్లో ఈ మధ్య నిజంగా జరిగిన అమ్మకం ధర రాసి, ఆ భూమే ఇంటికి జీవనాధారమని, అమ్మితే ఆదాయం ఆగిపోతుందని పక్కన వివరించాలి. పట్టా తాత పేరున ఉంటే అది తల్లిదండ్రుల ఆస్తి కాదు. కానీ దాని పంట డబ్బు ఇంటికి వస్తుంటే ఆదాయంలో చూపాలి. కౌలుకు చేస్తుంటే కౌలు ఖర్చు కింద పోతుంది. ఇంటి స్థలాన్ని మాత్రం నెల్లూరు లెక్కలో అంకణాల్లో రాస్తే వాళ్లకు తెలియదు. మన అంకణం 72 చదరపు అడుగులు, ఎకరాకు 605 అంకణాలు. చదరపు అడుగుల్లోకి మార్చి రాయండి.

అప్పుల్లో బ్యాంకు పంట రుణం, భూమి తాకట్టు పెట్టిన అప్పు సులువుగా చూపించవచ్చు. నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు మీద తెచ్చింది చూపడం కష్టం. ప్రోనోటు నకలు, వడ్డీ కట్టిన ఖాతా వివరం ఉంటే వివరణ లేఖకు జత చేయండి. ఒప్పుకుంటారన్న హామీ లేదు, అడగకపోతే మాత్రం లెక్కలోకే రాదు.

చిన్నదే అయినా చేటు చేసే తప్పు ఒకటుంది. ఫారం మొదట్లో కరెన్సీ ఇండియన్ రూపీ అని ఎంచుకుని అన్నీ రూపాయల్లోనే నింపాలి. సగం డాలర్లు, సగం రూపాయలు కలిపితే ఆరు లక్షల రూపాయలు ఆరు లక్షల డాలర్లవుతాయి. లక్షల కామాలు అలవాటైన చేతికి సున్నాలు తప్పడం తేలిక, ఇద్దరు కూర్చుని ఒకరు చదువుతుంటే ఒకరు సరిచూడండి. అడంగల్, 1బీ, తెలుగులో ఉన్న రసీదులు ఇంగ్లీషు అనువాదంతో పంపాలి.

కాగితాలు ఎంత బాగున్నా సీటు రాకపోతే లాభం లేదు, అది చాలా కష్టం. ఎంఐటీలో ఏటా చేరే 1,100 మంది దాకా విద్యార్థుల్లో విదేశీయులు సుమారు పదో వంతు, అదీ ప్రపంచమంతటి నుంచీ. మన పిల్లలకు అదనపు ఇబ్బంది సిఫారసు లేఖలు. ఎంఐటీ ఒకటి లెక్కలు గానీ సైన్సు గానీ చెప్పిన టీచరుది, ఒకటి భాష, చరిత్ర లాంటి సబ్జెక్టు చెప్పినవాళ్లది అడుగుతుంది. ఎంపీసీ పిల్లకు రెండోది ఇంగ్లీషో సంస్కృతమో తెలుగో చెప్పే లెక్చరరే ఇవ్వాలి. ఆ సబ్జెక్టుకు వారానికి ఒక పీరియడ్ కూడా ఇవ్వని కాలేజీలో చేరితే లేఖ రాసేవాళ్లే ఉండరు. కాలేజీ ఎంచుకునేటప్పుడే ఇది అడగాలి. ‘మంచి విద్యార్థిని, క్రమశిక్షణ గలది’ అన్న నాలుగు వాక్యాల లేఖ ఎందుకూ కొరగాదు. ఆమె ఏ లెక్కను ఏ దారిలో చేసింది, క్లాసులో ఏం అడిగింది అన్నది ఉండాలి.

తేదీలు కూడా మనకు ఎదురే. హార్వర్డ్, ఎంఐటీలకు శాట్ లేదా ఏసీటీ అనే ప్రవేశ పరీక్ష తప్పనిసరి, దాన్ని ఇంటర్ మొదటి ఏడాది వేసవి నుంచి రెండో ఏడాది అక్టోబరు లోపు ముగించుకోవాలి. హార్వర్డ్ మామూలు గడువు జనవరి 1. ఆ నెలలోనే జేఈఈ మెయిన్ మొదటి విడత. హార్వర్డ్, ఎంఐటీ ఫలితాలు వచ్చేది మార్చిలో, ఇంటర్ పరీక్షల నెలలోనే. జేఈఈ, ఈఏపీసెట్ మానేసి అమెరికా దరఖాస్తు ఒక్కటే నమ్ముకోవద్దు. 2025 మేలో అక్కడి ప్రభుత్వం హార్వర్డ్‌లో విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతినే రద్దు చేస్తే కోర్టు ఆపాల్సి వచ్చింది. ఒకే కాలేజీ మీద ఆశ పెట్టుకోవడం కూడా మంచిది కాదు.

సీటుతో పాటు సాయం లేఖ వస్తే విద్యార్థి వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంలో ఏడాది ఖర్చు ఎంత, కాలేజీ ఇచ్చేది ఎంత అని ముద్రించి ఉంటుంది. రెండూ సమానమైతే వీసాకు ఇంటివైపు నుంచి చూపాల్సిన డబ్బు దాదాపు ఉండదు. ఎంఎస్‌కు వెళ్లేవాళ్లలా వడ్డీకి తెచ్చి ఖాతాలో నిల్వ చూపడం ఇక్కడ అక్కర్లేదు, ఐ-20తో పాటు సాయం లేఖ తీసుకెళ్లాలి. విదేశీ విద్యార్థుల నమోదుకు అక్కడి ప్రభుత్వానికి కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా దరఖాస్తు 185 డాలర్లు, కలిపి 45 వేల రూపాయలు, చేతినుంచి ముందే పడతాయి. వాటిని తిరిగి ఇస్తారేమో సాయం ఆఫీసును మెయిల్‌లో అడగండి.