12 గ్రాముల మాంసకృత్తులు

దేవరకొండ దగ్గరి మా ఊరి బడిలో మా పాప ఐదో తరగతి. మొన్న బడిలో మధ్యాహ్న భోజనం వేళ వెళ్లి ఆమె పళ్లెం చూశాను. అన్నం బాగానే ఉంది, చారులో మాత్రం పప్పు జాడ లేదు. వండే అక్కలను తప్పుపట్టను. బిల్లులు ఆలస్యమైతే అప్పు తెచ్చి పొయ్యి వెలిగించేది వాళ్లే.

కానీ ఈ భోజనం పిల్లల హక్కు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 700 కేలరీలు, 20 గ్రాములు. 2015 నియమాల ప్రకారం వంట జరగని రోజుకు భత్యం ఇవ్వాలి. డబ్బు అయిపోతే బడిలో ఉన్న వేరే నిధిని ప్రధానోపాధ్యాయులు వాడవచ్చు. ఎంతమంది తల్లులకు ఇది తెలుసు?

ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలు వంచేసిన నల్గొండ జిల్లా మాది. కాల్షియం అందని పిల్లలకు ఆ హాని మరీ ఎక్కువ. అందుకే ఇక్కడి పళ్లెంలో పోషణ తగ్గకూడదు. గుడ్డు పెట్టి తీరాలని ఆహార భద్రతా చట్టం చెప్పదు, పెట్టడం రాష్ట్రం నిర్ణయం. ప్రభుత్వాలు మారినా ఆగకుండా గుడ్డునూ, పొద్దుటి అల్పాహారాన్నీ శాసనసభ చట్టంగా రాయాలి. ముందుగా మా బడి యాజమాన్య కమిటీలో పప్పు లెక్క అడుగుతాను.